యున్‌లిన్ హైస్పీడ్ రైలు వంతెన: కుంగే నేలను ఉపగ్రహ రాడార్‌తో స్తంభం స్తంభంగా చదవడం

తైవాన్ హైస్పీడ్ రైలు 2007 జనవరిలో మొదలైంది. గరిష్ఠ వేగం గంటకు 300 కి.మీ. చాంగ్‌హువా నుంచి కావోష్యుంగ్ దాకా లైను 157 కి.మీ. పొడవైన ఒకే వంతెన మీద నడుస్తుంది. ఆ వంతెన యున్‌లిన్ కౌంటీ మీదుగా పోతుంది. అక్కడ నేల ఏటా సెంటీమీటర్ల లెక్కన కుంగుతోంది. సుమారు 6 కి.మీ. మేర ఏడేళ్లలో 55 సెం.మీ. దాకా దిగిందన్న సంగతి 2010 నాటికి పెద్ద చర్చ అయింది. 2011 జులైలో ప్రభుత్వం చాంగ్‌హువా, యున్‌లిన్‌లలో దాదాపు వెయ్యి లోతైన బోరుబావులను 2021లోగా శాశ్వతంగా మూసేసే ప్రణాళిక ప్రకటించింది.

ఉపగ్రహ రాడార్ ఒకే చోటిని పదేపదే చూసి, తిరిగొచ్చిన తరంగంలోని మార్పు నుంచి కదలికను లెక్కిస్తుంది. ఇలాంటి లైను మీద దాన్ని ఎలా వాడాలి, దాని అంకెల్లో దేన్ని నమ్మాలి, దేన్ని పక్కన పెట్టాలి అన్నది ఈ కేస్ స్టడీ విషయం. ఎక్కడ ఎంత వేగంగా కుంగుతోందో చూపే రంగుల మ్యాపు తయారు చేయడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ఆ మ్యాపులోంచి ట్రాక్ ఇంజనీరు వాడుకోగలిగే అంకె తీయడంలోనే అసలు పని ఉంది.

నేల కింద ఏం జరుగుతోంది

ఇది చోషుయ్ నది కొండల్లోంచి తెచ్చి విసనకర్రలా పరిచిన ఒండ్రు మైదానం. తూర్పున కొండల పాదం దగ్గర గులకరాళ్లు, ముతక ఇసుక. పడమర సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఇసుక పొరల మధ్య బంకమన్ను పొరలు మందమవుతాయి. బోర్లు ఇసుక పొరల్లోంచి నీళ్లు తోడితే అక్కడ నీటి పీడనం పడిపోతుంది. పక్కనున్న బంకమన్నులోని నీరు నెమ్మదిగా ఇసుకలోకి ఊరుతుంది, బంకమన్ను అణుగుతుంది. వానలు పడి నీటిమట్టం లేచినప్పుడు ఇసుక పొర కొద్దిగా తిరిగి ఉబ్బుతుంది. అణిగిన బంకమన్ను మాత్రం చాలామటుకు అలాగే ఉండిపోతుంది. అందుకే ఇక్కడి కాలశ్రేణి గీత (తేదీలవారీగా నేల మట్టం) మెట్లలా దిగుతుంది: ఎండాకాలపు, అంటే వానలు లేని నెలల, సాగునీటి తోడకంలో నిటారుగా, వానాకాలంలో చదునుగా, ఒక్కోసారి కాస్త పైకి.

వంతెన స్తంభాల కింది పైల్స్ (నేలలోకి దింపిన పొడవాటి పునాది స్తంభాలు) పదుల మీటర్ల లోతుకు దిగాయి. అణుగుతున్న పొరలు 300 మీటర్ల దాకా ఉన్నాయి. అంటే పైల్ కొన కింది నేల కూడా దిగుతోంది, దాంతోపాటే స్తంభమూ దిగుతోంది. పునాదిలో లోపం లేకున్నా ఇది జరుగుతుంది. ఈ విషయాన్ని మొదట్లోనే పట్టుకోకపోతే తర్వాత రాడార్ బిందువుల్ని (తరంగాన్ని బలంగా తిప్పి పంపే చోట్లను) తప్పుగా చదువుతాం.

రైలుకు కావలసిన అంకె

వంతెన మొత్తం ఒకే తీరున అర మీటరు దిగినా రైలుకు తెలియదు. పక్కపక్క స్తంభాలు వేర్వేరుగా దిగితే తెలుస్తుంది. ఈ లైనులో అనుమతించిన కోణ వక్రత స్తంభం నుంచి స్తంభానికి విడివిడిగా ఉండే సాదా గర్డర్లకు (వంతెన దూలాలకు) 1/1000, స్తంభాల మీదుగా తెగకుండా సాగే అవిచ్ఛిన్న గర్డర్లకు 1/1500. ఒక స్తంభం మీద రెండు వైపుల గర్డర్లు కలిసే చోట వాటి వాలుల మధ్య ఎంత తేడా వచ్చింది అన్నదే ఈ కోణం.

లెక్క సులువు. స్తంభాల మధ్య దూరం 35 మీటర్లు అనుకుందాం. ముందు స్తంభం దిగుడు, వెనక స్తంభం దిగుడు కలిపి, అందులోంచి మధ్య స్తంభం దిగుడును రెండుసార్లు తీసేసి, వచ్చినదాన్ని 35,000 మి.మీ.తో భాగించాలి. మధ్య స్తంభం ఇరుగుపొరుగు కంటే ఏటా 5 మి.మీ. ఎక్కువ దిగుతుంటే ఏడాదికి 10/35,000, అంటే 1/3500 వస్తుంది. మూడున్నరేళ్లకు 1/1000 హద్దు తాకుతుంది.

ఇప్పుడు పెద్ద గిన్నెలాంటి కుంగుబాటును చూడండి. మధ్యలో ఏడాదికి 7 సెం.మీ., 3 కి.మీ. అవతల 2 సెం.మీ. అనుకుంటే 3,000 మీటర్లలో 5 సెం.మీ. తేడా. ఏడాదికి 1/60,000 వాలు. పదేళ్లు అలాగే సాగినా 1/6000. అది కూడా వాలే. ఒకే వాలు మీద వరుసగా ఉన్న గర్డర్ల మధ్య కోణం దాదాపు సున్నా. మ్యాపులో ముదురు ఎరుపుగా భయపెట్టే గిన్నె మధ్యభాగం కంటే, పసుపు రంగులో మామూలుగా కనిపించే చోట ఒక్క స్తంభం పక్కవాటితో పొత్తు తప్పడమే ప్రమాదం. నివేదికలో వేగం మ్యాపును మొదటి పేజీలో పెట్టి కోణాల పట్టికను అనుబంధంలో పడేయడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు. తిరగేసి పెట్టాలి.

పొత్తు తప్పడానికి కారణాలు స్థానికంగా ఉంటాయి. స్తంభం పక్కనే ఎవరో లోతు బోరు నడుపుతుండవచ్చు. వంతెన కిందుగా దాటే రోడ్డుకు ఎత్తైన మట్టికట్ట పోసి ఉండవచ్చు. యున్‌లిన్‌లో 78వ నంబరు ఎక్స్‌ప్రెస్‌వే హైస్పీడ్ లైనును దాటే చోట కట్ట బరువు గురించి ఇంజనీర్లు ప్రత్యేకంగా లెక్కలు వేసింది ఇందుకే. నీటి తోడకం వల్ల వచ్చే కుంగుబాటు కిలోమీటర్ల వెడల్పున పరచుకుంటుంది; కట్ట బరువు వల్ల వచ్చేది పదుల మీటర్లలో ముగుస్తుంది. రెండోదే కోణాన్ని పెంచుతుంది.

మరి రాడార్ కొలత ఈ కోణానికి సరిపోతుందా? ఒక్కో బిందువు సగటు వేగంలో దోషం ఏడాదికి 1 మి.మీ. అనుకుంటే మూడు స్తంభాల సూత్రంలో అది దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది: 2.45/35,000, సుమారు ఏడాదికి 1/14,000. పైన చెప్పిన 1/3500ను పట్టుకోవడానికి ఇది చాలు. కానీ ఒక్క తేదీ కొలతలో దోషం 5 మి.మీ. దాకా ఉండడం మామూలే. దాన్ని అదే సూత్రంలో పెడితే 12/35,000, అంటే సుమారు 1/2900. అనుమతించిన హద్దులో మూడో వంతుకు పైగా కొలత దోషమే తినేసింది. అందుకని ఒక్క చిత్రం చూసి హెచ్చరిక ఇవ్వకూడదు. కోణాన్ని ఎప్పుడూ కనీసం ఏడాది పొడవున్న సరళిలోంచే తీయాలి.

ఏ ఉపగ్రహం

2014 ఏప్రిల్‌లో ప్రయోగించిన ఐరోపా రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1ఎ డేటా ఉచితం. 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. 2016లో తోడుగా వచ్చిన సెంటినెల్-1బి 2021 డిసెంబరులో విద్యుత్ సరఫరా దెబ్బతిని ఆగిపోయింది. 2024 డిసెంబరులో 1సి వెళ్లింది. తరంగదైర్ఘ్యం 5.55 సెం.మీ. రాడార్ తరంగం వెళ్లి రావాలి కాబట్టి ఇంటర్‌ఫెరోగ్రామ్‌లో (రెండు తేదీల చిత్రాల తేడాను రంగుల్లో చూపే చిత్రంలో) ఒక పూర్తి రంగు చుట్టు 2.77 సెం.మీ. కదలికకు సమానం.

ఫేజ్‌ను (తరంగం తన చుట్టులో ఎక్కడుందో చెప్పే కొలతను) విప్పేటప్పుడు, అంటే మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందో తేల్చే అన్‌ర్యాపింగ్‌లో, ఒక షరతు ఉంది: పక్కపక్క బిందువుల మధ్య, వరుస తేదీల మధ్య కదలిక తేడా తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, ఇక్కడ సుమారు 14 మి.మీ., మించకూడదు. ఏడాదికి 7 సెం.మీ. వేగమంటే 12 రోజులకు 2.3 మి.మీ. మాత్రమే. హాయిగా సరిపోతుంది. పాత ఐరోపా ఉపగ్రహం ఎన్విశాట్‌కు ఈ సౌలభ్యం లేదు. అది 35 రోజులకోసారి వచ్చేది. వరుసగా రెండు చిత్రాలు తప్పిపోతే 105 రోజుల ఖాళీలో 2 సెం.మీ. దిగుతుంది. స్థిరమైన రిఫరెన్స్‌కూ (కదలికను దేనితో పోల్చి కొలుస్తామో ఆ బిందువుకూ) గిన్నె మధ్యకూ మధ్యలో వరి పొలాలుండి బిందువులు పలచబడితే ఒక చుట్టు తప్పిపోతుంది. అలా తప్పినప్పుడు కుంగుబాటు తక్కువగా కనిపిస్తుంది, గీత మాత్రం నున్నగానే ఉంటుంది. పాత డేటాతో కొత్త డేటాను కలిపేటప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. ఎన్విశాట్ 2012 ఏప్రిల్‌లో ఆగిపోయింది, సెంటినెల్ 2014లో వచ్చింది. మధ్యలో రెండేళ్లకు పైగా ఉన్న ఖాళీని లెవెలింగ్‌తో (నేల మీద పరికరంతో మట్టాలు కొలవడంతో) పూడ్చాలే తప్ప గీతను పొడిగించి కలపకూడదు.

సెంటినెల్ చిక్కు దాని పిక్సెల్. రాడార్ చూసే దిశలో సుమారు 5 మీటర్లు, ఉపగ్రహం కదిలే దిశలో సుమారు 20 మీటర్లు. ఉపగ్రహాలు దాదాపు ఉత్తర-దక్షిణంగా తిరుగుతాయి. యున్‌లిన్‌లో లైను కూడా దాదాపు ఉత్తర-దక్షిణమే. అంటే పిక్సెల్ పొడుగువైపు వంతెన వెంబడే పడుతుంది. 35 మీటర్ల గర్డర్ మీద రెండు పిక్సెళ్లు కూడా పట్టవు. దాంట్లో స్తంభం తల ఏది, గర్డర్ నడుము ఏది అని విడదీయలేం. తూర్పు-పడమర లైనైతే పరిస్థితి మెరుగ్గా ఉంటుంది.

అందుకని రెండంచెల పద్ధతి మంచిది. సెంటినెల్‌తో లైను మొత్తం, ఇరువైపులా కొన్ని కిలోమీటర్లు చూడాలి: గిన్నె ఎక్కడుంది, ఎటు జరుగుతోంది, కొత్తగా ఎక్కడ మొదలైంది అన్నవి తేలతాయి. తేలిన 6 కి.మీ. మీద టెర్రాసార్-ఎక్స్ లేదా కాస్మో-స్కైమెడ్ లాంటి ఉపగ్రహాల ఎక్స్ బ్యాండ్ (పొట్టి తరంగపు) చిత్రాలు, 3 మీటర్లు లేదా ఇంకా సన్నవి, తీసుకోవాలి. అవి ముందే ఆర్డరు పెడితేనే వస్తాయి. గడిచిపోయిన కాలాన్ని తర్వాత కొనుక్కోలేం. 3.1 సెం.మీ. తరంగంతో చిన్న కదలిక బాగా తెలుస్తుంది, కానీ చెట్టూ చేమా ఉన్న చోట త్వరగా చెదిరిపోతుంది, విప్పే షరతు కూడా 8 మి.మీ.కు పడిపోతుంది. పొలాల మధ్య నేల ఎంత కుంగుతోందో చూడాలంటే 24 సెం.మీ. తరంగమున్న ఎల్ బ్యాండ్ నయం. 2025 జులైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్‌లో ఆ బ్యాండ్ ఉంది, 12 రోజులకోసారి వస్తుంది.

ప్రాసెసింగ్‌లో తప్పులు ఎక్కడ వస్తాయి

ప్రాసెసింగ్ క్రమం ఇది. కనీసం 25 చిత్రాలు, వీలైతే 60కి పైగా. ఖచ్చితమైన కక్ష్య ఫైళ్లు సెంటినెల్‌కు దాదాపు 20 రోజుల తర్వాత వస్తాయి. ప్రాథమిక కక్ష్యతో నడిపి తర్వాత మార్చుకోవచ్చు. సెంటినెల్ చిత్రం బర్స్టుల (విడివిడిగా తీసిన ముక్కల) అతుకులతో తయారవుతుంది కాబట్టి చిత్రాలను ఒకదానిమీద ఒకటి పేర్చడంలో పిక్సెల్‌లో వెయ్యో వంతు ఖచ్చితత్వం కావాలి. అది తప్పితే బర్స్టు అతుకు దగ్గర ఫేజ్ మెట్టు పడుతుంది, ఆ మెట్టు వంతెనను అడ్డంగా దాటితే సరిగ్గా స్తంభం కుంగినట్టే కనిపిస్తుంది. ప్రకాశం నిలకడ చూసి (ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగిస్తే 0.25 లోపు) పీఎస్ (పర్మనెంట్ స్కాటరర్, అంటే ఏళ్లపాటు నిలకడగా ప్రతిధ్వనించే) బిందువుల తొలి ఎంపిక. ఆపైన ఎత్తు దోషం, వేగం, వాతావరణం విడదీయడం. ఈ పీఎస్ పద్ధతి మిలాన్ పాలిటెక్నిక్‌లో ఫెరెట్టి, ప్రాటి, రొక్కా రూపొందించినది. 2001లో వచ్చిన వారి పేపరు ఇప్పటికీ పునాది.

ఈ నేల మీద ఆగి ఆలోచించాల్సినవి మూడు.

మొదటిది రిఫరెన్స్ బిందువు. రాడార్ ఇచ్చేది ఎప్పుడూ సాపేక్ష కదలికే. హువెయ్ పట్టణంలో 2015 డిసెంబరులో తెరిచిన హైస్పీడ్ స్టేషను ఉంది. అలాంటి పెద్ద కట్టడాలు కోహెరెన్స్‌లో (చిత్రం నుంచి చిత్రానికి ప్రతిధ్వని నిలకడలో) మెరిసిపోతాయి. సాఫ్ట్‌వేర్‌ను దాని మానాన వదిలేస్తే మంచి బిందువని అలాంటిదాన్నే ఎంచుకునే ప్రమాదముంది. అది గిన్నెలోనే ఉంది. దాన్ని సున్నా అనుకుంటే గిన్నె మాయమై చుట్టూ నేల లేస్తున్నట్టు వస్తుంది. రిఫరెన్స్‌ను విసనకర్ర పిడి దగ్గర, కొండల పాదంలోని గులక నేల మీద పెట్టాలి. తైవాన్ భూఫలకాల సరిహద్దు మీదుంది కాబట్టి అక్కడి నేల కూడా కదులుతుంది. కనుక నిరంతరం నడిచే జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహాలతో స్థానం కొలిచే) స్టేషన్లు కనీసం మూడు నాలుగు పరిధిలో ఉండేలా చూసి, మొత్తం వేగం తలాన్ని వాటికి సరిచేయాలి.

రెండోది తేమ. సముద్రం పక్కన ఉపఉష్ణమండల గాలి. వేసవిలో ఒక్క చిత్రంలోనే కొన్ని సెంటీమీటర్ల దొంగ కదలిక చూపించగలదు. దీన్ని కాలంలో వడకట్టి తీసేస్తాం. కానీ నేల కూడా ఏటా వానాకాలానికి లేచి ఎండాకాలానికి దిగుతుంది. తేమ కూడా అదే చక్రం తిరుగుతుంది. బిగుతుగా వడకడితే బోర్ల వల్ల వచ్చే అసలు సంకేతమే గాలి పేరుతో కొట్టుకుపోతుంది. వాతావరణ మోడల్‌తో ముందు గాలి వల్ల తరంగానికి కలిగే ఆలస్యాన్ని తీసేసి, మిగిలినదాన్ని తేలిగ్గా వడకట్టి, వచ్చిన చక్రాన్ని బావుల నీటిమట్టంతో పోల్చడమే సరైన దారి.

మూడోది దిశ. నిలువు నుంచి 39 డిగ్రీల కోణంలో చూసే రాడార్‌కు 7 సెం.మీ. నిలువు కుంగుబాటు 5.4 సెం.మీ.గా కనిపిస్తుంది. కోసైన్‌తో భాగించి నిలువుకు మార్చడం అలవాటు. గిన్నె అంచుల్లో నేల మధ్యకు జరుగుతుంది కూడా. తూర్పు-పడమరగా 1 సెం.మీ. జరిగితే రాడార్ దిశలో 6.3 మి.మీ.; దాన్ని నిలువనుకుని భాగిస్తే 8 మి.మీ. లేని కుంగుబాటో ఉబ్బో పుట్టుకొస్తుంది. ఉదయం, సాయంత్రం రెండు వైపుల కక్ష్యల చిత్రాలూ కలిపి విడదీస్తే ఇది పోతుంది. ఉత్తర-దక్షిణ కదలిక ఎలాగూ ఈ ఉపగ్రహాలకు దాదాపు కనిపించదు. ఇక్కడ అది మేలే చేసింది: 35 మీటర్ల గర్డర్ 12 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు 4 మి.మీ. పొడుగు సాగుతుంది, ఆ సాగుడు లైను వెంబడి ఉత్తర-దక్షిణంగా పోయి కొలతను పెద్దగా పాడు చేయదు. స్తంభం మాత్రం నిలువుగా సాగుతుంది. 15 మీటర్ల స్తంభానికి అదే తేడాకు 1.8 మి.మీ. ఎత్తైన స్తంభం పక్కన పొట్టిది ఉన్న చోట ఇది తప్పుడు కోణాన్ని పుట్టిస్తుంది. చిత్రం తీసిన గంట ఉష్ణోగ్రతను మోడల్‌లో ఒక పదంగా చేర్చాలి.

స్తంభం పాదం దగ్గర

ఒక్క స్తంభాన్ని దగ్గరగా చూస్తే రాడార్ అంకె అసలు దేనిదో అర్థమవుతుంది. పైన గర్డర్ మీద స్లాబ్ ట్రాక్, పిట్టగోడ, విద్యుత్ తీగల స్తంభాలు. కింద పైల్ క్యాప్ (పైల్స్ తలలను కలిపే కాంక్రీటు దిమ్మె) చుట్టూ నేల, పక్కన సర్వీసు రోడ్డు, కాలువ గట్టు. ఇన్నింటి ప్రతిధ్వనులూ ఒకే చోట కలగలుస్తాయి. రాడార్ పక్కనుంచి చూస్తుంది కాబట్టి ఎత్తున్నది చిత్రంలో రాడార్ వైపుకు ఒరుగుతుంది: 39 డిగ్రీల వద్ద ప్రతి మీటరు ఎత్తుకు నేల మీద 1.2 మీటర్లు. 12 మీటర్ల ఎత్తులోని ట్రాక్ బిందువు దాదాపు 15 మీటర్లు పక్కకు, పొలంలో పడుతుంది. మ్యాపులో పొలంలో కనిపించే బిందువు వంతెనది కావచ్చు. వంతెన గీత మీద కనిపించేది అవతలి రోడ్డుది కావచ్చు.

విడదీయడానికి దారి బిందువు ఎత్తు. దాన్ని కక్ష్యల మధ్య దూరంలోంచి తీస్తాం. సెంటినెల్ కక్ష్యను చాలా ఇరుకు గొట్టంలో నడుపుతారు. 100 మీటర్ల బేస్‌లైన్‌కు (కక్ష్యల మధ్య ఆ దూరానికి) ఒక పూర్తి చుట్టు సుమారు 150 మీటర్ల ఎత్తుకు సమానం. కాబట్టి ఎత్తు అంచనా మీటర్లలో అటూ ఇటూ పోతుంది. టెర్రాసార్-ఎక్స్‌లో 200 మీటర్ల బేస్‌లైన్‌కు ఒక చుట్టు 28 మీటర్లే. అందులో ట్రాకునూ నేలనూ స్పష్టంగా వేరు చేయవచ్చు. విడదీశాక ప్రతి బిందువుకూ ఒక గుర్తు తగిలించాలి: స్తంభం తల, గర్డర్ నడుము, నేల, తెలియదు. నాలుగో రకాన్ని కోణం లెక్కలోకి రానివ్వకూడదు, ఎంత అందమైన గీత ఇచ్చినా సరే. గర్డర్ నడుము బిందువుల్నీ వద్దు. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు (లోపలి ఉక్కు తీగలను లాగి బిగించినది) కట్టిన తర్వాత ఏళ్లపాటు మెల్లగా వంపు మారుతూ ఉంటుంది, దానికీ నేలకూ సంబంధం లేదు.

వంతెన బిందువు, పక్క నేల బిందువు రెండూ దొరికితే అసలు విలువైన సమాచారం వస్తుంది. నేల బిందువు పైనుంచి కింద దాకా అణిగిన మొత్తాన్ని చూపిస్తుంది. స్తంభం తల పైల్స్ ఆనిన లోతుకు దిగువన అణిగినదాన్నే ప్రధానంగా చూపిస్తుంది. రెండూ సమానంగా దిగుతుంటే అణుగుడు లోతులో ఉంది. నేల ఎక్కువ దిగుతుంటే పై పొరలు కూడా అణుగుతున్నాయి, మట్టి పైల్‌ను పట్టుకుని కిందికి లాగుతోంది. ఆ స్తంభం దగ్గరికి వెళ్తే పైల్ క్యాప్ అంచు చుట్టూ మట్టి విడిపోయి సందు కనిపిస్తుంది, వాననీటి గొట్టం నేలలోకి దిగే చోట కీలు ఊడి ఉంటుంది. ఈ రెండూ చూడమని తనిఖీ బృందానికి రాసివ్వాలి. రాడార్ పని చివరికి ఒక మనిషిని సరైన స్తంభం దగ్గరికి పంపడమే.

ఏ లోతులో అణుగుతోందో రాడార్ ఒంటరిగా చెప్పలేదు. చోషుయ్ మైదానంలో ఇందుకు బహుళ పొరల అణుగుడు కొలిచే బావులు ఉన్నాయి. 300 మీటర్ల దాకా తవ్విన గుంతలో, వేర్వేరు లోతుల్లో ఇరవైకి పైగా అయస్కాంత వలయాలను మట్టికి బిగిస్తారు. సెన్సారును కొలతటేపుకు కట్టి దింపి ఒక్కో వలయం లోతు చదువుతారు. రెండు వలయాల మధ్య దూరం తగ్గితే ఆ పొర అణిగింది. ఈ బావి దగ్గరున్న రాడార్ బిందువు మొత్తం, వలయాల మొత్తం సరిపోలాలి. రాడార్ మొత్తం స్పష్టంగా ఎక్కువైతే 300 మీటర్ల దిగువన కూడా అణుగుతోందని అర్థం, లేదా రిఫరెన్స్‌లో తప్పుంది. ముందు రిఫరెన్స్‌ను అనుమానించాలి.

కార్నర్ రిఫ్లెక్టర్లు

వరి మడులు నీళ్లతో నిండుతాయి, పైరు పెరుగుతుంది, కోత కోస్తారు. ఏ రెండు చిత్రాల్లోనూ ఆ నేల ఒకలా ఉండదు. లైను పక్కన నేల బిందువు తప్పనిసరిగా కావాలంటే లోహపు మూలదర్పణం (కార్నర్ రిఫ్లెక్టర్) నిలబెట్టాలి. మూడు త్రికోణపు అల్యూమినియం పలకలు లంబకోణంలో. భుజం 1 మీటరైతే సి బ్యాండ్‌లో (సెంటినెల్ తరంగంలో) దాని ప్రతిఫలన విస్తీర్ణం సుమారు 1,360 చదరపు మీటర్లు, అంటే 31 డెసిబెల్స్. సెంటినెల్ పిక్సెల్‌లోని పొలం దాదాపు 10 డెసిబెల్స్ వెనక్కి ఇస్తుందనుకుంటే తేడా 21. అప్పుడు కొలతలో దోషం 0.3 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. భుజాన్ని 70 సెం.మీ.కు తగ్గిస్తే ప్రతిఫలనం నాలుగో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే అది భుజం నాలుగో ఘాతంతో మారుతుంది. పది సెంటీమీటర్లు ఆదా చేద్దామని చూడకండి.

చెడిపోయే తీరులు చిన్నవి. అడుగు మూలలో నీరు పోయే రంధ్రం పూడుకుపోతే వాననీరు నిలిచి, ఆ తేదీన మెరుపు పడిపోతుంది. పిట్ట గూడు పెట్టినా అంతే. పలకల మధ్య కోణం ఒక డిగ్రీ తప్పినా నష్టమే. కాబట్టి రవాణాలో విప్పి తెచ్చి బిగించేటప్పుడు మూలమట్టంతో సరిచూడాలి. దిమ్మె పునాది లోతు నివేదికలో రాయాలి, లేకపోతే అది ఏ పొర కదలికను కొలుస్తోందో తర్వాత ఎవరికీ తెలియదు. వంతెన నీడలో, అంటే రాడార్‌కు అవతలి వైపు దగ్గరగా పెట్టకూడదు. నిలబెట్టాక వచ్చే మొదటి చిత్రంలో అది మెరిసిందో లేదో చూసి, అదే వారంలో లెవెలింగ్ సున్నా కొలత తీసుకోవాలి.

కొలతను నడపడం

ప్రతి స్తంభానికీ ఒక వరుస ఉన్న పట్టిక ఉండాలి: స్తంభం సంఖ్య, బిందువుల సంఖ్య, వాటి రకం, ఏడాది వేగం, కోణం, కోణం దోషం, హద్దులో ఎంత భాగం వాడుకున్నాం. వాడుకున్న భాగంలో రాడార్ మొదలవకముందు జరిగినదాన్ని కూడా కలపాలి. లైను కట్టినప్పటి మట్టాలు, లెవెలింగ్ రికార్డులు లేకుండా మొత్తం కోణం రాదు. రాడార్ తాను చూసిన కాలంలోని మార్పునే ఇస్తుంది. హద్దులో సగం దాటిన స్తంభం దగ్గర లెవెలింగ్ చేయించాలి. మూడు వరుస చిత్రాల్లో ఒకే దిశలో విచలనం వస్తేనే ఫోను చేయాలి.

నిర్వహణ సిబ్బంది చిట్టా తేదీలతో సహా చేతిలో ఉండాలి. బేరింగు (గర్డర్ ఆనే దిమ్మె) కింద షిమ్ (సన్నని పలక) వేసి గర్డర్‌ను 10 మి.మీ. ఎత్తితే కాలశ్రేణిలో మెట్టు వస్తుంది. తెలియని విశ్లేషకుడికి అది అన్‌ర్యాపింగ్ దోషంలా కనిపించి, సరిచేసి పారేస్తాడు. పిట్టగోడకు కొత్తగా శబ్ద నిరోధక పలకలు బిగిస్తే బిందువే మారిపోతుంది, పాత గీత అక్కడితో ముగించి కొత్తది మొదలుపెట్టాలి. చిత్రం తీసే క్షణంలో రైలు ఉంటే ఆ ఒక్క తేదీ చెడుతుంది. వేగంగా కదిలే రైలు రాడార్ చిత్రంలో పట్టాల మీద ఉండదు, దూరంగా జరిగి మసకగా పడుతుంది. తన నీడతో ట్రాక్ బిందువుల్ని మాత్రం కప్పేస్తుంది.

ఇదే పద్ధతిని కంకర ట్రాకు, మట్టికట్ట ఉన్న లైనుకు మోసుకెళ్తే ఒకటి గుర్తుంచుకోవాలి. ట్యాంపింగ్ యంత్రం కంకరను కూరి సర్దిన రోజున ట్రాక్ బిందువుల చరిత్ర చెరిగిపోతుంది. అక్కడ కట్ట భుజాలు, కల్వర్టు తలగోడలు, సిగ్నల్ పెట్టెల దిమ్మెలు నమ్మదగినవి. వరదకు కట్ట కొట్టుకుపోవడం, వంతెన పునాది కోసుకుపోవడం, కొండచరియ హఠాత్తుగా విరగడం గంటల్లో అయిపోతాయి. పన్నెండు రోజుల కన్ను వాటిని ఆపలేదు. వాటికి నేల మీది పరికరాలే దిక్కు.

యున్‌లిన్ విషయంలో ఇంకా మిగిలే ప్రశ్న, బోర్లు మూసిన ఫలితాన్ని రాడార్‌లో ఎలా చదవాలన్నది. బంకమన్ను నీటిని నెమ్మదిగా వదులుతుంది కాబట్టి పంపు ఆగిన నాడే కుంగుడు ఆగదు. పీడనం సర్దుకునే దాకా ఏళ్లు పట్టవచ్చు. ఏడాది సగటు వేగాన్ని ముందూ వెనకా పోల్చి తొందరపడితే ఒక మంచి వానాకాలాన్ని బోర్ల మూసివేత ఖాతాలో వేస్తాం, లేదా ఒక కరవు ఏడాదిని దాని వైఫల్యంగా రాస్తాం. ఎండాకాలపు దిగుడును మరుసటి ఎండాకాలపు దిగుడుతోనే, అదే నీటిమట్టం మార్పుకు ఎన్ని మిల్లీమీటర్లు అన్న నిష్పత్తిలో పోల్చాలి. మూసిన బోర్ల చుట్టూ ఆ నిష్పత్తి తగ్గుతూ, మూయని బోర్ల వైపు తగ్గకపోతే రెండింటి సరిహద్దులో కొత్త వాలు పుడుతుంది. ఆ సరిహద్దు లైనును దాటే చోట నిలిచిన నాలుగైదు స్తంభాల కోణాన్ని వచ్చే రెండు మూడేళ్లు ప్రతి నవీకరణలోనూ విడిగా తీసి చూడాలి.